కానుక పళ్లెంలో పడిన బాకీ

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం పేజీలో ఈమధ్య పాపక్షమాపణ గురించి ఒక పాస్టరుగారి వ్యాసం వచ్చింది. చక్కగా రాశారు. ‘మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక’ అన్న బైబిల్లోని యోహాను పత్రిక (ఉత్తరం) మాటతో మొదలుపెట్టి, దేవుడు ఒకసారి క్షమించాక మనిషి మళ్లీ పాత సంగతులు తవ్వుకోకూడదని ముగించారు. వ్యాసంలో ఉన్న ఏ వాక్యంతోనూ నాకు పేచీ లేదు. లేని వాక్యంతోనే ఉంది. చేసిన పాపం వల్ల పక్కింటివాళ్లు నష్టపోయి ఉంటే వాళ్ల సంగతేమిటి? వ్యాసం నిండా పాపి ఉన్నాడు, దేవుడున్నాడు. నష్టపోయిన మూడో మనిషి వెతికినా దొరకలేదు.

ఆ మూడో మనిషి కోసమే ఈ ఉత్తరం. నేను రైల్వే అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. మెట్టుగూడలో ఉంటాను. వేదాంత కళాశాల గడప తొక్కలేదు, బైబిలు మాత్రం చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను. సర్వీసంతా జమాఖర్చులు చూసినదాన్ని కాబట్టి ఒక బాకీని కొట్టివేయాలంటే ఎవరి సంతకం కావాలన్నది మొదట చూడటం నాకు అలవాటు.

మా చుట్టుపక్కల ఒక క్రైస్తవ సంఘంలో ఒకాయన చాలా ఏళ్లు చిట్టీలు నడిపాడు. ఆయన పేరూ సంఘం పేరూ రాయను. ఇలాంటి మనిషి హైదరాబాద్‌లో ప్రతి పేటలోనూ ఒకరుంటారు, మీ పాఠకులకు వేరే పేర్లు గుర్తొస్తాయి. రిజిస్టరు కాని చిట్టీ. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం ముందుగా అనుమతి లేకుండా చిట్టీ మొదలుపెట్టడమే నేరం. కానీ ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో వేపచెట్టు కింద పాట జరుగుతుంటే రిజిస్ట్రారు ఆఫీసు ఎవరికి గుర్తొస్తుంది? లక్ష రూపాయల చిట్టీ, ఇరవై మంది సభ్యులు, నెలకు ఐదు వేలు. మొదటిది సాఫీగా నడిచింది, రెండోదీ నడిచింది. మూడోది నడుస్తుండగా ఫోను స్విచాఫ్. కొన్నాళ్లు ఊళ్లోనే లేడు. తిరిగొచ్చాక అడిగినవాళ్లందరికీ ఒకటే పాట: వచ్చే నెల, పండగ వెళ్లాక, ప్లాటు అమ్ముడుపోగానే. అట్లా మూడేళ్లు దాటించాడు. ఆ తర్వాత ఆయనకు ఎవరో వకీలు చెప్పాడట, బాకీకి కాలదోషం పట్టింది, ఇక కోర్టుకెక్కినా నిలవదని.

పైసలు పోయినవాళ్లు తమ చిట్టీ పుస్తకాలు పట్టుకుని లెక్క తేల్చిపెట్టమని నా దగ్గరికి వచ్చారు. నేను ఆ చిట్టీలో లేను, అందుకే నన్ను నమ్మారనుకుంటాను. వాటిలో చిలకలగూడ వైపు ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒకామె పుస్తకం ఉంది. తగ్గింపులు పోను ఆమె కట్టింది అరవై వేలు. చొక్కాకు ఎంత వస్తుంది, బొగ్గుకు ఎంత పోతుంది అన్నది తెలిసినవాళ్లు ఆ అరవై వేల వెనక ఎన్ని చొక్కాలున్నాయో ఊహించుకోవచ్చు. బిడ్డను నర్సింగులో చేర్పిద్దామని కట్టింది. చివరిదాకా ఆగితే ఎక్కువ చేతికొస్తుందని పాట పాడలేదు.

ఇంతవరకు ఇది మామూలు చిట్టీ కథే, మీ జిల్లా పేజీల్లో నెలకొకటి వేస్తారు. నేను రాయాలనుకున్నది ఇక్కడి నుంచి.

ఒక డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆయన లేచి సాక్ష్యం చెప్పాడు. అప్పుల్లో మునిగానన్నాడు, చనిపోదామనుకున్నానన్నాడు, ప్రభువు పట్టుకున్నాడన్నాడు. ‘నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను’ అని యాభై ఒకటో కీర్తన చదివి ఏడ్చాడు. ‘పాతవి గతించెను, ఇదిగో క్రొత్త వాయెను’ అన్నాడు. సంఘమంతా ఆమేన్. ఆ ఏడుపు దొంగ ఏడుపని నేననను. మనిషి లోపల ఏం జరిగిందో చూసే కళ్లు నాకు లేవు. అయితే ఎవరి డబ్బు, ఎంత, ఎప్పుడు ఇస్తాడు అన్న మాటలు ఆ సాక్ష్యంలో లేవు. ‘కొందరిని బాధపెట్టాను’ అన్నాడంతే. ఆ కొందరు నాలుగో వరసలోనూ ఏడో వరసలోనూ కూర్చునే ఉన్నారు.

తర్వాత గుడికి కొత్త స్పీకర్లు కానుకిచ్చాడు. మెదక్ గుడి నూరేళ్ల పండగకు సొంత ఖర్చుతో బస్సు మాట్లాడి సంఘాన్ని తీసుకెళ్లాడు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన ఆ గుడిని మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని చూపించి, ఆ పనికి తిండిపెట్టి కట్టించాడని మా తాతల కాలం నుంచి చెప్పుకుంటాం. అలాంటి గుడికి ఇస్త్రీ బండి డబ్బుతో బస్సు. ఇప్పుడు ప్రభు భోజనపు ఆదివారం కానుక పళ్లెం పట్టుకుని వరసల మధ్య తిరిగేవాళ్లలో ఆయన ఒకడు. ఇస్త్రీ ఆమె మాత్రం ప్రభు భోజనపు రొట్టె తీసుకోవడానికి బల్లకు లేవడం మానేసింది. మనసులో కోపం పెట్టుకుని రొట్టె తింటే శిక్షావిధి అని ఎవరో భయపెట్టారు. పళ్లెం ముందుకొస్తే పది రూపాయల నోటు మడిచి వేస్తుంది, తల ఎత్తదు.

స్త్రీల సమాజం నుంచి ఇద్దరు వెళ్లి ఆమెతో మాట్లాడారు. వాళ్లు మంచి ఉద్దేశంతోనే వెళ్లారు, నేనూ పక్కనే ఉన్నాను.

“నువ్వు క్షమించకపోతే పరలోకపు తండ్రి నిన్ను గూడ క్షమించడు చెల్లీ.”

“క్షమించినక్కా, ఎప్పుడో క్షమించిన. శాపనార్థాలు గూడ పెడ్తలేను. నా పైసలు నాకు ఇయ్యమంటున్న, అంతే గద.”

“పైసలు అడుగుతున్నవంటే ఇంకా క్షమించనట్టే గద.”

నా అభ్యంతరమంతా ఆ చివరి మాట మీదే. కోపం వదులుకోవడం ఒక పద్దు, బాకీ వదులుకోవడం ఇంకో పద్దు. మొదటిది ప్రభువు అందరినీ అడిగాడు. రెండోది బాకీ పడ్డవాడు అడుక్కోవచ్చు, ఇవ్వాల్సినవాళ్లు మనసైతే ఇవ్వొచ్చు. మధ్యలో సంఘం దాన్ని ఆజ్ఞగా మార్చకూడదు.

నేను సొంతంగా అల్లి చెప్పడం లేదు. సంఖ్యాకాండం ఐదో అధ్యాయం ఆరు, ఏడు వచనాలు తీసి చూడండి. తప్పు చేసినవాడు దాన్ని ఒప్పుకోవాలి, అసలు పూర్తిగా తిరిగి ఇవ్వాలి, అందులో ఐదో వంతు కలపాలి, ఎవరికి నష్టం చేశాడో వాళ్లకే ఇవ్వాలి. లేవీయకాండం ఆరో అధ్యాయం అయితే సాక్షాత్తూ చిట్టీవాళ్ల కోసమే రాసినట్టుంటుంది: నమ్మి అప్పగించిన సొమ్ము విషయంలో పొరుగువాడితో బొంకినవాడి గురించి. వాడు అసలూ ఐదో వంతూ సొత్తుదారుడి చేతిలో పెట్టాలి, ఆ దినమే అపరాధ పరిహారార్థబలికి పొట్టేలును తేవాలి. సొత్తుదారుడి ముఖం చూడకుండా పొట్టేలుతో నేరుగా యాజకుడి దగ్గరికి పోయే దారి అక్కడ లేదు. ఈ లెక్కన ఇస్త్రీ ఆమెకు రావాల్సింది అరవై వేలు, ఐదో వంతు పన్నెండు వేలు, మొత్తం డెబ్బై రెండు వేలు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని ప్రభువుతో అన్న సుంకరి జక్కయ్య లెక్క వేస్తే రెండు లక్షల నలభై వేలు. అంత ఆమె అడగదు. నేనూ అడగమనను. ఐదో వంతు కలిపే మోషే లెక్క చాలు.

ఇది చెబితే వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు: ‘మనం ధర్మశాస్త్రం కింద లేమమ్మా, కృప కింద ఉన్నాం. సిలువ మీద అన్నీ చెల్లిపోయాయి.’ రోమా పత్రిక ఆరో అధ్యాయంలో ఆ మాట పద్నాలుగో వచనం. పదిహేనో వచనం కూడా చదవాలి కదా. కృపకు లోనైనవాళ్లమని పాపం చేద్దామా, అదెన్నటికీ కూడదు అంటాడు పౌలు. జక్కయ్య కథ కృప వచ్చాక జరిగిందే. ప్రభువు ముందు ‘నేడు నేను నీ యింట నుండవలసియున్నది’ అన్నాడు, డబ్బు తిరిగి ఇస్తేనే వస్తానని షరతు పెట్టలేదు. జక్కయ్య నాలుగంతలతో రక్షణ కొనుక్కోలేదు. ప్రభువు ఇంటికొచ్చాక ఇతరుల సొమ్ము ఇంట్లో ఉంచుకోబుద్ధి కాలేదు, అంతే. ‘నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది’ అన్న మాట ఆ నాలుగంతల మాట తర్వాతే వినబడుతుంది. జక్కయ్య సాక్ష్యంలో ‘కొందరిని బాధపెట్టాను’ లేదు. ఆస్తిలో సగం, తిరుగు చెల్లింపు నాలుగంతలు, రెండూ అంకెలే.

నాకు బాగా ఇష్టమైనది ఫిలేమోను పత్రిక. ఒకటే అధ్యాయం, ఇరవై ఐదు వచనాలు. ఒనేసిము అనే దాసుడు యజమానిని విడిచి పోయాడు, పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. పౌలు అతన్ని తిరిగి పంపిస్తూ ఫిలేమోనుకు ‘కల్వరిలో అన్నీ తీరిపోయాయి, పాతది మరిచిపో’ అని రాయవచ్చు. అంతటి హక్కున్నవాడు. అలా రాయలేదు. నీకు ఏ నష్టమైనా కలిగించి ఉంటే, ఏమైనా ఋణపడి ఉంటే ‘అది నా లెక్కలో చేర్చుము’ అన్నాడు. నా స్వహస్తంతో రాస్తున్నాను, నేనే తీరుస్తాను అన్నాడు. బైబిల్లో సంతకంతో ఉన్న హామీపత్రం అది. ఆ బస్సెక్కిన సంఘ పెద్దల్లో ఒక్కరూ ఇస్త్రీ ఆమె దగ్గరికి పోయి పౌలులా అనలేదు.

సిలువ మీద దొంగ సంగతి కూడా ఎత్తుతారు. అతను ఎవరికేం తిరిగిచ్చాడు, ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు’ అని మాట దొరకలేదా అని. దొరికింది. అతని చేతులకు మేకులున్నాయి. మా చిట్టీ ఆయన చేతుల్లో కారు స్టీరింగుంది. నాగారం వైపు ఇల్లు కట్టాడు, మార్బుల్ పనికి రాజస్థాన్ నుంచి మేస్త్రీలు వచ్చారు.

దావీదు కీర్తనను ఆయన వాడుకున్న తీరు మాత్రం నన్ను చాలారోజులు వదల్లేదు. ‘నీకే విరోధముగా’ అన్న దావీదుకు తిరిగి ఇవ్వడానికి, తాను భార్యను తీసుకుని చంపించిన ఊరియా బతికి లేడు. అదే దావీదు, తన గుట్టు బయటపడకముందు, నాతాను ప్రవక్త చెప్పిన, ధనవంతుడు లాక్కున్న బీదవాడి గొర్రెపిల్ల కథ విని ఏమన్నాడు? ఆ గొర్రెపిల్లకు ప్రతిగా నాలుగు గొర్రెపిల్లలు ఇవ్వాలన్నాడు. తిరిగి చెల్లించే లెక్క రాజుకు కంఠతా వచ్చు. తర్వాత ‘యెహోవా నీ పాపమును పరిహరించెను’ అన్న మాట వచ్చింది, దాని వెంటనే బిడ్డ చనిపోతాడన్న మాటా వచ్చింది. క్షమాపణ దొరికినంత మాత్రాన జరిగిందేదీ జరగనట్టు కాలేదు. యాభై ఒకటో కీర్తన చదివేవాళ్లు రెండో సమూయేలు పన్నెండో అధ్యాయం పక్కన పెట్టుకుని చదివితే మంచిది.

ఇక విధేయత. ఏదీ మిగల్చవద్దని దేవుడు ఆజ్ఞాపించినా సౌలు రాజు అమాలేకీయుల గొర్రెల్లో మంచివాటిని మిగిల్చి, దేవుడికి బలి ఇవ్వడానికే మిగిల్చామన్నాడు. సమూయేలు ప్రవక్త మొదట అడిగింది ఏమిటి? ఈ గొర్రెల అరుపులు నాకు వినబడుతున్నాయే, ఇదేమిటి అని. ‘బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము’ అన్నది ఆ తర్వాత. కొత్త స్పీకర్లలో ప్రసంగం వింటుంటే నాకు ఆ అధ్యాయమే తలకెక్కుతోంది, ప్రసంగం మీద ధ్యాస నిలవడం లేదు. ఇచ్చినవాడినే అనడం న్యాయం కాదు, పుచ్చుకున్న కమిటీ కూడా ఉంది. యేసును పట్టించినందుకు పుచ్చుకున్న ముప్పై వెండి నాణేలు యూదా విసిరేసి పోతే, ఆ నాణేలిచ్చిన ప్రధాన యాజకులే ‘ఇవి రక్తక్రయధనము గనుక వీటిని కానుకపెట్టెలో వేయతగదు’ అన్నారు. వాళ్లపాటి పట్టింపైనా మన కమిటీలకు ఉండొద్దా?

డెబ్బై ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న వాక్యం మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలోది. అదే అధ్యాయంలో కొంచెం పైన, పదిహేను నుంచి పదిహేడు వచనాల్లో, తప్పు చేసిన సహోదరుడితో ఎలా నడుచుకోవాలో ప్రభువే చెప్పాడు. ముందు ఒంటరిగా వెళ్లి గద్దించు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. ఇస్త్రీ ఆమె మొదటిది చేసింది. రెండోది మేం చేశాం, నేనూ ఇంకొకరూ వెళ్లాం, టీ ఇచ్చి పంపాడు. మూడోదానికి సంఘం ఆమె వైపు తిరిగి క్షమాపణ పాఠం చెప్పింది.

వారాసిగూడలో నాకు తెలిసిన ఆటో ఎలక్ట్రిషియన్ ఒకాయన ఉన్నాడు, నా స్కూటీ బ్యాటరీ ఆయనే చూస్తాడు. ఈ గొడవ ఆయన చెవిన కూడా పడింది. “ఆపా, మా దగ్గర హుకూకుల్ ఇబాద్ అంటారు, మనుషుల హక్కులు. అల్లా తనకు చేసిన తప్పు తను మాఫ్ చేస్తాడు, మనిషికి చేసింది ఆ మనిషి మాఫ్ చేయాలె. షహీద్ అయినోడికి గూడ బాకీ మాఫ్ కాదు” అన్నాడు. యూదుల పాత ధర్మగ్రంథం మిష్నాలో ప్రాయశ్చిత్త దినం గురించి దాదాపు ఇదే ఉంది: మనిషికీ దేవుడికీ మధ్య తప్పులకు ఆ దినం ప్రాయశ్చిత్తం చేస్తుంది, మనిషికీ మనిషికీ మధ్య తప్పులకు, ఆ మనిషిని సమాధానపరిచేదాకా చేయదు. కాథలిక్కుల 1992 నాటి సత్యోపదేశంలోనూ పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) దగ్గర ఇదే మాట, దొంగిలించింది తిరిగివ్వడం వంటివి చేతనైనంత చేయాలని. మా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లం మాకు సంబంధం లేదనలేం. 1947లో ఈ సంఘం ఏర్పడినప్పుడు వచ్చి కలిసినవాటిలో ఆంగ్లికన్ సంఘమూ ఉంది. ఆ ఆంగ్లికన్లు వాడిన 1662 ప్రార్థన పుస్తకంలో, ప్రభు భోజనానికి ముందు చదివే హెచ్చరికలో, పొరుగువాడికి నష్టం చేసినవాళ్లు శక్తికొద్దీ తిరిగి చెల్లించడానికి సిద్ధపడి రావాలని స్పష్టంగా ఉంది. అది చదవడం ఎప్పుడో పోయింది.

కాలదోషం సంగతి ఒకటి మిగిలింది. ఆ వకీలు చెప్పింది సగమే. 1872 కాంట్రాక్టు చట్టం ఇరవై ఐదో సెక్షన్‌లో, కాలదోషం పట్టిన బాకీనైనా తీరుస్తానని రాసి సంతకం చేస్తే ఆ మాట చెల్లుతుందని ఉంది. అంటే మనసు మారినవాడికి చట్టం కూడా తలుపు మూయలేదు. తెల్లకాగితం మీద నాలుగు వరసలు, కింద సంతకం. డిసెంబరు 31 రాత్రి మైకు ముందు నిలబడటం కంటే తేలిక.

మీ వ్యాసకర్త పాస్టరుగారికి నా మనవి ఒకటే. క్షమాపణ గురించి మళ్లీ రాసినప్పుడు సంఖ్యాకాండం ఐదో అధ్యాయాన్ని కూడా ప్రస్తావించండి. పాస్టర్లందరూ ప్రభు భోజనపు ఆదివారానికి ముందు వారం మత్తయి ఐదో అధ్యాయంలోని మాట చదివి వినిపిస్తే ఇంకా మంచిది: నీమీద నీ సహోదరుడికి విరోధమేమైనా ఉందని గుర్తొస్తే బలిపీఠం ఎదుటే అర్పణ విడిచిపెట్టి మొదట వెళ్లి సమాధానపడు. అక్కడ వెళ్లమన్నది తప్పు చేసినవాడిని. మన దగ్గర నష్టపోయినవాళ్లను వెళ్లమంటున్నాం.

ఆ చిట్టీ సభ్యుల్లో కొందరు బదిలీల మీద కాజీపేట, గుంతకల్లు పోయారు. ఇద్దరు చనిపోయారు. బాకీ ఇవ్వాల్సిన మనిషి లేకపోతే ఏం చేయాలో కూడా సంఖ్యాకాండం అదే అధ్యాయం ఎనిమిదో వచనంలో ఉంది, దగ్గరి బంధువుకు ఇవ్వాలి, బంధువూ లేకపోతే యాజకుడికి. ఎటు తిరిగినా కట్టాల్సినవాడి దగ్గర మాత్రం ఉండదు. ఇక్కడ అంతదూరం పోనక్కర్లేదు, ఇద్దరికీ పిల్లలున్నారు. పేర్లు, కట్టిన మొత్తాలు, వారసుల ఫోన్ నంబర్లతో సహా లెక్క తయారుచేసి ఉంచాను. ఆయన మీ పత్రిక తెప్పించుకుంటాడని విన్నాను. ఎవరితోనైనా కబురు పెడితే ఒక కాపీ పంపిస్తాను. నెలకింతని వాయిదాల మీద తీర్చినా వాళ్లకు అభ్యంతరం లేదు, అడిగి తెలుసుకున్నాను. వరసలో ఇస్త్రీ ఆమె పేరు మొదట పెట్టాను, ఆమె బిడ్డ కాలేజీ ఫీజు గడువు దగ్గరపడింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మెట్టుగూడ, సికింద్రాబాద్.
(పేరు ప్రచురించవద్దని మనవి)